టీవీకి చందా

డబ్యూక్, అయోవా
30 నవంబరు 2025, ఆదివారం

పూజ్యులైన నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరు, అమ్మ, చిన్నోడు, మరదలు, పిల్లలు క్షేమమని తలుస్తాను. ఈ ముక్క లేని ఉత్తరాన్ని మీరు పక్కన పడేస్తారని ముందు రాశాను. రోజూ ఫోన్లో మొహాలు చూసుకుంటూ మళ్ళీ ఈ కాగితాలేంటని అమ్మ అంటుంది. శుక్రవారం చిన్నోడన్న మాటకి ఫోన్లోనే జవాబు చెబుదామనుకున్నా గానీ, నోరు జారుతానేమోనని ఆగాను. కాగితం మీదయితే కొట్టేసుకోవచ్చు.

వాడన్నది మీరూ విన్నారుగా. ఇక్కడ తుఫానుకి షెడ్డు రేకులు లేచిపోతే అన్నయ్య అమెరికాలో టీవీకి చందా కడుతున్నాడట. నవ్వుతూనే అన్నాడు, కానీ అన్నాడు. నెలకి పది డాలర్లండి. రేకుల డబ్బు ఆలస్యమైన మాట నిజమే, దానికీ దీనికీ ముడి లేదు. బుధవారం పంపేశాను, బ్యాంకు పుస్తకం వేయించి చూసుకోమనండి.

అసలు ఆ రేకులు నాకు పట్టనట్టు మాట్లాడాడే, అదీ నా బాధ. అక్టోబరు 28న మొంథా తుఫాను నర్సాపురం దగ్గర తీరం దాటేసరికి మీకు అర్ధరాత్రి కావస్తోంది, నాకు మధ్యాహ్నం. మీటింగులో బల్ల కింద ఫోను పెట్టుకుని అదే చూస్తున్నాను. ఎవరో నన్నేదో అడిగారు, ఏం చెప్పానో నాకే తెలీదు. 96 నవంబరు ఆరో తారీకు తుఫాను కళ్ళముందు ఆడింది. ఆ రాత్రి తలుపుకి బల్ల అడ్డం పెట్టి దాని మీద మీరు కూర్చున్నారు, మమ్మల్ని మంచం కిందకి తోశారు. తెల్లారి చూస్తే తోటంతా మొండాలు. సరుగుడు గెడకి కట్టిన టీవీ ఏంటెన్నా పక్కవాళ్ళ నూతిలో దొరికింది. వంగిన పుల్లలు సరిచేసి మర్నాడే మళ్ళీ ఎత్తి కట్టారు మీరు, కరెంటు ఎన్నాళ్ళకొస్తుందో తెలీకుండానే. అమ్మ ఎంత తిట్టింది!

ఇక్కడా నాకు ఏంటెన్నాయే. కిటికీ అద్దానికి అతికించుకునే పల్చటి అట్టలాంటిది. కేబుల్ లేదు, ఇంకేం లేదు. అటూ ఇటూ జరుపుతుంటే పబ్లిక్ టీవీ శుభ్రంగా వచ్చింది. మీరు పెరట్లోంచి "వచ్చిందా?" అంటే మేం లోపల్నించి "పోయింది, పోయింది" అని అరిచేవాళ్ళం కదా. ఇక్కడ రెండు మాటలూ నేనే అనుకోవాలి.

పబ్లిక్ టీవీ అంటే మన దూరదర్శన్ లాంటిది కాదు. పీబీఎస్ అని పేరొక్కటే గానీ, స్టేషన్లు ఎక్కడివక్కడే, ఎవరి జమాఖర్చు వాళ్ళదే. దేశం మొత్తం మీద మూడొందల పైచిలుకు ఉన్నాయి. ప్రోగ్రాం మధ్యలో సబ్బులూ పేస్టులూ రావు. 1967లో చట్టం చేసి ఒక కార్పొరేషన్ పెట్టారు, దాని చేతిమీదుగా ప్రభుత్వం కొంత ఇచ్చేది, మిగతాదాన్లో చందాలే ఎక్కువ. ఈ జులైలో ఆ ప్రభుత్వం సొమ్ము వెనక్కి తీసేసుకున్నారు, రెండేళ్ళది, 110 కోట్ల డాలర్ల దాకా. ఆగస్టు ఒకటిన కార్పొరేషన్ వాళ్ళు ఇక మూసేస్తున్నామని చెప్పేశారు. పెద్ద ఊళ్ళ స్టేషన్లకి చందాదారులు దండిగా ఉంటారు, దెబ్బ పల్లెటూళ్ళవాటికే. రాత్రిపూట ఒకావిడ, అమ్మ ఈడుది, పింగాణీ కప్పు చేత్తో పట్టుకుని తెరమీదకొస్తుంది. మీలాంటి ప్రేక్షకుల వల్లే నడుస్తున్నాం అంటుంది. చందా కడితే ఆ కప్పు పంపుతారు, లేదా గుడ్డ సంచీ. నేను సంచీ అడిగాను. అది అమ్మకి, సంతకి పట్టుకెళ్ళడానికి.

చిన్నోడికి ఇంకోటి కూడా చెప్పండి. తాతయ్య ట్రంకు పెట్టెలో రేడియో లైసెన్సు పుస్తకం ఉంది, ఏటేటా పోస్టాఫీసులో డబ్బు కట్టి స్టాంపులు అతికించినది. సొంత రేడియో, సొంత బ్యాటరీలు, వినడానికి మళ్ళీ ఈ కట్టుడేంటని ఊళ్ళో ఎవరన్నా తాతయ్యని వెక్కిరించారా? తాతయ్య కడితే పద్ధతి, నేను కడితే దుబారానా? తాతయ్యకి కట్టకపోతే తప్పు, నాకు కట్టకపోయినా అడిగేవాడు లేడు, ఆ తేడా ఉందనుకోండి. ఆ పుస్తకం లోపలి పేజీ ఒకటి ఫొటో తీయించి పంపండి.

ఆఫీసు బాగానే ఉంది. ఆగస్టులో ఉద్యోగం మారాను కదా, మారానో మార్చారో ఆ గొడవ వదిలెయ్యండి, జీతం వస్తోంది. మీ కోడలూ చిట్టీ డల్లాస్‌లోనే. ఆవిడ ఉద్యోగం అక్కడ స్థిరంగా ఉంది, పిల్ల బడి మధ్యలో మార్చలేం. నెలకోసారి వెళ్ళొస్తున్నాను. పండగ సెలవులకి మొన్న వెళ్ళలేదు, ఈ శని ఆదివారాలు పెద్ద మంచు అన్నారు, అన్నట్టే కురుస్తోంది. ఇక్కడ ఇప్పుడు సాయంత్రం నాలుగున్నరకే చీకటి. ఐదింటికి గదికొస్తే నిద్రదాకా చాలా పొద్దు. టీవీ ఎందుకు చూస్తున్నానంటే ఇదీ ఒకటి.

కానీ ఇదొక్కటే కాదు. పదహారో తారీకు నుంచి వరసగా ఆరు రాత్రులు, రాత్రికి రెండేసి గంటలు, అమెరికా స్వతంత్ర యుద్ధం మీద కెన్ బర్న్స్ వాళ్ళు తీసిన డాక్యుమెంటరీ వేశారు. వచ్చే ఏడాదికి వీళ్ళ స్వతంత్రానికి 250 ఏళ్ళు. ఆ రోజులకి ఫొటోలు లేవు. ఇక పన్నెండు గంటలు ఏం చూపిస్తారు? రంగు బొమ్మలు, మ్యాపులు, పొగమంచులో నడిచే కాళ్ళు. మిగతాదంతా ఉత్తరాలూ డైరీలే. సిపాయి ఇంటికి రాసింది, ఇల్లాలు సిపాయికి రాసింది, ఎవరో వెనకనుంచి తొందర లేకుండా చదువుతుంటారు. రెండో రాత్రి నేను తెర చూడ్డం మానేసి కళ్ళు మూసుకుని విన్నాను. అది మీరు చదివే తీరు నాన్నగారూ.

పోస్టాఫీసు అరుగు మీద పొద్దుటి బట్వాడా కాగానే కువైట్, మస్కట్ ఉత్తరాల వాళ్ళు చేరేవారు కదా. కళ్ళజోడు పంచెకి తుడుచుకుని, ముందు తారీకు చదివి, ఆగి, అప్పుడు "అమ్మకి నమస్కారాలు" అనేవారు. ఓసారి చెరువుగట్టు పిన్ని ఉత్తరం వాళ్ళమ్మకి చదువుతుంటే మీ భుజం మీంచి చూశాను. మూడు నెలలుగా జీతం ఇవ్వట్లేదని ఉంది కాగితంలో. మీరు ఆ లైను దాటేసి కిందదానికి పోయారు, గొంతులో తేడా లేదు. ముసలావిడ వెళ్ళాక అడిగితే, "రేపు వాళ్ళబ్బాయికి విడిగా చెప్తాన్రా, ఈ పూట ఆవిడ అన్నం తినాలి" అన్నారు. నాకప్పుడు అది అబద్ధంలా ఉండి రెండు రోజులు మీతో సరిగ్గా మాట్లాడలేదు. మీకు గుర్తుండదు.

మీకు ఉత్తరం రాయడం అందుకే కష్టం. ఎక్కడ లైను దాటేశానో పట్టేస్తారు.

దూరదర్శన్‌లో వచ్చే సురభి ప్రోగ్రాం జ్ఞాపకం ఉందా? మీకు హిందీ అంతంత మాత్రం, అమ్మకి అసలే రాదు. అయినా సిద్ధార్థ్ కాక్, రేణుకా షహానే వచ్చి కూర్చోగానే ఇంట్లో చప్పుడుండేది కాదు. వాళ్ళడిగే ప్రశ్నలకి జవాబులుగా వచ్చి పోగుపడిన కార్డులు చూసి మీరు "ఇవన్నీ సార్టింగు చేసినవాడి నడుం ఏమైపోయిందో" అనేవారు. సమాధానాలు పంపేవాళ్ళకని చివరికి పోస్టల్ డిపార్టుమెంటు వాళ్ళు రెండ్రూపాయల కార్డు విడిగా తేవాల్సి వచ్చింది, దాని మీద మీకు కోపం. ఆ కోపంతోనే మళ్ళీ కార్డు కొని పంపేవారు. మనకెప్పుడూ తగల్లేదు. నేనేమో ఆ టైముకి సినిమా ఉంటే బాగుండునని శుక్రవారం సినిమా పాటల చిత్రలహరి కోసం వారమంతా కాచుకునేవాణ్ణి. ఇప్పుడు నెల రోజులుగా సినిమా ఒక్కటీ చూడలేదు, ఈ డాక్యుమెంటరీలే. మీ కోడలు "మీ నాన్నగారు వచ్చి కూర్చున్నారేంటి నీలో" అంటోంది.

నవంబరు ఇక్కడి ఆదివాసీల నెల. వాళ్ళ పాటలు, బుట్టలల్లడం, బడుల్లో పెట్టి జుట్టు కత్తిరించి సొంత భాష మాట్లాడనివ్వని కథలు, ఇవన్నీ ఎక్కువగా వేశారు. అవి చూశాక రాత్రి తొందరగా నిద్ర పట్టేది కాదు. ఒకరోజు మా రాష్ట్రంలోనే ఉన్న మెస్క్వాకీల గురించి వచ్చింది. మిగతావాళ్ళకి ప్రభుత్వం ఏదో మూల జాగా చూపించి అందులో ఉండమంది. వీళ్ళని కూడా ఇక్కడినుంచి కాన్సస్‌కి తోలేస్తే, కొంతమంది మెల్లగా తిరిగొచ్చేసి, 1857లో సొంత డబ్బు పెట్టి 80 ఎకరాలు కొనుక్కున్నారు. ఒకప్పుడు తమదే అయిన నేల! టామా అనే ఊరి దగ్గర, అయోవా నది పక్కన. చెప్పాలంటే మన లంక లాంటిదే, ఏరు పొంగితే మునిగే భూమి. అప్పట్నించి అమ్మింది లేదు, పక్కవి కొంటూ ఎనిమిది వేల ఎకరాలు దాటించారు. చిన్నోడు ఏటిగట్టు భూమి చెక్క అమ్మేద్దామంటున్నాడని అమ్మ చెప్పింది. అది వాడూ మీరూ ఆలోచించుకోండి, నేను మధ్యలో రాను. తెల్లదోమ పట్టిన చెట్లు లెక్కేసుకుంటే వాడి మాటలోనూ న్యాయం ఉంది. ఊరికే చెప్పాను, అంతే.

భోజనం గురించి అమ్మ బెంగ పెట్టుకోవద్దు. ఆవకాయ సగం ఉంది. కొబ్బరికాయ ఇక్కడ దొరుకుతుంది, కొట్టి చూస్తే లోపల కుళ్ళు. దింపు తీసిన రోజు పెరట్లో కాయల గుట్ట మీద కూర్చునే మనం, కాయని చెవి దగ్గర ఊపి కొనడమా!

మంచు ముందు, పోయిన ఆదివారం, మిసిసిపి గట్టుకి వెళ్ళాను. ఇక్కడ నదికి అడ్డంగా ఆనకట్ట, పక్కన పడవలకి లాకు. 1937లో కట్టారు, పదకొండో నంబరుది. పైనుంచి కిందదాకా ఇలాంటివి 29 ఉన్నాయట. తలుపులు మూశాక నీళ్ళు దిగుతుంటే ఆ పెద్ద బార్జి మెట్టు మెట్టుగా కిందకి పోవడం చూస్తూ గంటసేపు నిలబడ్డాను. లొల్ల లాకుల దగ్గర మీ సైకిలు కడ్డీ మీద కూర్చుని చూసినట్టే ఉంది. ఆనకట్ట కింద నీళ్ళు గడ్డకట్టవు కాబట్టి చేపల కోసం గద్దలు చేరతాయి. ఒళ్ళంతా నలుపు, తల తెల్లగా. ఏడు లెక్కపెట్టాను. పక్కనున్న ముసలాయన తన దూరదర్శిని ఇచ్చి చూడమన్నాడు. ఎక్కడినుంచి అంటే "గోదావరి" అన్నాను, ఇండియా అనకుండా. ఆయనకి అర్థం కాలేదు, నాకు మళ్ళీ చెప్పబుద్ధి కాలేదు.

సంక్రాంతికి రాలేను. ఫోన్లో చెప్పలేక ఇక్కడిదాకా లాగాను. కొత్త హెచ్1బీ ఉద్యోగ వీసాలకి లక్ష డాలర్లన్న వార్త చూసి మీరు కంగారు పడ్డారు, అది నాబోటి పాతవాళ్ళకి కాదు. కానీ కొత్త ఉద్యోగం కాగితాలు తేలేవరకూ దేశం దాటొద్దని లాయరు గట్టిగా చెప్పాడు. దాటితే తిరిగి రావడానికి హామీ ఇవ్వలేనన్నాడు. మీకు ఉన్నదున్నట్టు చెప్పాను. అమ్మకి కంట్లో చుక్కలు వేస్తున్నన్నాళ్ళూ ఉత్తరం మీరే చదవాలి కదా. ఈ పేరా దగ్గర టికెట్లు దొరకలేదని చదవండి. కనుమనాడు జగ్గన్నతోట తీర్థం ఫోన్లో చూపించమని చిన్నోడితో చెప్పండి, ప్రభలు కౌశిక ఏటి నీళ్ళలో దిగేటప్పుడు మాత్రం కట్ చెయ్యొద్దని చెప్పండి. చిట్టికీ చూపిస్తాను.

మరి విశేషాలు లేవు. అమ్మకి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. చిన్నోడి మీద నాకు కోపం లేదు.

ఇట్లు
మీ పెద్దబ్బాయి

తా.క.: షెడ్డు బాగు చేసేటప్పుడు అటక మీది పాత డయనోరా టీవీని పాత సామాన్లవాడికి వేసేయకండి. పనిచేయదని తెలుసు. నూతిలో దొరికిన ఏంటెన్నా కూడా దాని వెనకాలే ఉండాలి, ఒకసారి చూడండి.