రాబోయే నవలల బోర్డు: తల్లిదండ్రులకు నవంబరు లేఖ

తల్లిదండ్రులకు నమస్కారం.

నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. వ్యాసరచన, వక్తృత్వం ఎప్పటిలాగే ఉంటాయి. వాటితోపాటు ఈసారి లైబ్రరీ గుమ్మం పక్కన ఒక బోర్డు పెడుతున్నాం. ఇంకా అచ్చు కానివి, అచ్చులో ఉన్నవి, వచ్చినా మన విశాఖ దుకాణాలకు ఇంకా చేరనివి, ఇలా పిల్లలు ఎదురుచూస్తున్న నవలల పేర్లు దానిమీద ఉంటాయి. ఆరు నుంచి పదో తరగతి దాకా ఎవరైనా చీటీ రాసి ఇవ్వవచ్చు. పేరు, రచయిత, ప్రచురణ సంస్థ, వస్తుందన్న తేదీ, ఆ తేదీ ఎక్కడ చూశారు అని ఐదు గళ్లు. ఐదో గడి ఖాళీగా ఉంటే ఆ పేరు బోర్డెక్కదు.

అంత పట్టింపు ఎందుకంటే, కొత్త నవల వస్తోందని పిల్లల చెవిన పడగానే ఇంట్లో పేచీ మొదలవుతుంది. ఇప్పుడే ఆర్డరు పెట్టమంటారు, లేదా ఎవరో పంపిన పీడీఎఫ్ ఫోన్లో చదువుకుంటామంటారు. రెండింటికీ మూలం ఆ తేదీయే. అదేమో చాలాసార్లు తేదీ కాదు.

ఆన్‌లైన్ దుకాణంలో డిసెంబరు 31 అనో జనవరి 1 అనో కనిపిస్తే నమ్మకండి. సరైన తేదీ తెలియనప్పుడు ఆ గడి ఖాళీగా వదలడానికి వీల్లేక ఏదో ఒకటి నింపుతారు. పేజీల సంఖ్య, ముఖచిత్రం, ఐఎస్‌బిఎన్ (పుస్తకానికిచ్చే గుర్తింపు సంఖ్య) మూడూ కనిపిస్తే కొంత నమ్మొచ్చు. ప్రచురణ సంస్థ సొంత పేజీలో గానీ, రచయిత స్వయంగా గానీ చెప్పిన తేదీకే మా బోర్డు మీద విలువ. ‘అన్నయ్య చెప్పాడు’ అన్నది ఐదో గడిలో చెల్లదు.

ఇంగ్లిష్ నవలల విషయం వేరు. పేరున్న రచయిత పుస్తకం విదేశాల్లో ముందు గట్టి అట్టతో వస్తుంది. మామూలు పేపర్‌బ్యాక్ రావడానికి సుమారు ఏడాది పడుతుంది. మన దేశానికి మాత్రం చాలా నవలలు గట్టి అట్ట వచ్చిన రోజుల్లోనే పెద్ద సైజు పేపర్‌బ్యాక్‌గా, తక్కువ ధరకు దిగుతాయి. వెనక అట్ట మీద భారత ఉపఖండంలో మాత్రమే అమ్మకానికి అని ఉంటుంది. తొందరపడి విదేశీ ప్రతి తెప్పించుకున్నవాళ్లు ఇంచుమించు రెట్టింపు ధర పెట్టి అదే కథ చదువుతారు. పెద్ద తరగతుల పిల్లలు ఇంగ్లిష్ నవలలకిచ్చే బుకర్ బహుమతి జాబితా చూసి పేర్లు రాస్తుంటారు. ఆ పోటీకి అక్టోబరు 1 నుంచి మరుసటి సెప్టెంబరు 30 దాకా బ్రిటన్‌లోనో ఐర్లండ్‌లోనో వెలువడే నవలలు అర్హం. తొలి జాబితా జులై చివర్లో వచ్చేస్తుంది కాబట్టి అందులో అప్పటికి ఇంకా అచ్చుకాని నవలలు కూడా ఉండొచ్చు. జాబితాలో పేరుంది కదా, పుస్తకం ఎందుకు దొరకదని దుకాణదారును నిలదీసి లాభం లేదు.

తెలుగు నవల ఏ రోజు వస్తుందో ముందుగా చెప్పేవాళ్లు తక్కువ. ‘బుక్ ఫెయిర్ నాటికి’ అంటారు. హైదరాబాద్ పుస్తక ప్రదర్శన డిసెంబరులో, విజయవాడది జనవరి మొదట్లో. సంవత్సరం పొడుగునా తయారైనవన్నీ ఈ రెండింటి చుట్టూ మూగుతాయి. మన ఊళ్లో అయితే ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో జరిగే ఆవిష్కరణ సభలమీద ఒక కన్నేసి ఉంచండి. ఆవిష్కరణ రోజు సభ దగ్గరే తగ్గింపు ధరకు అమ్మడం తెలుగు పుస్తకాలకు మామూలే, రచయిత సంతకమూ దొరుకుతుంది.

సరే, ‘నాటికి’ అన్నది ఎందుకు దాటిపోతుంది? పిల్లలకు ఇది చెప్పండి, చాలామందికి నవల చదవడం ఎంత ఇష్టమో పుస్తకం తయారీ వినడమూ అంత ఇష్టం. రచయిత ఇప్పుడు యూనికోడ్‌లో, అంటే ఏ ఫోన్లోనైనా, కంప్యూటరులోనైనా చదవగలిగే పద్ధతిలో టైపు చేసి పంపుతారు. డీటీపీ (కంప్యూటరులో పుస్తకం పేజీలు తయారుచేసే పని) చేసేవాళ్లలో చాలామంది ఇంకా ‘అను’ అనే పాత తరహా తెలుగు ఫాంట్లలో పేజీలు కడతారు. ఒకదాన్నుంచి మరోదానికి మార్చేటప్పుడు కంటికి కనపడని గుర్తులు రాలిపోతాయి. ‘బస్‌లో’ అని విడిగా రాసింది ‘బస్లో’ అయి, స కింద ల ఒత్తు వచ్చి కూర్చుంటుంది. ఇలాంటివి మూడు వందల పేజీల్లో ఎన్ని చోట్ల ఉన్నాయో మనిషి కూర్చుని వెతకాలి. అందుకే మొదటి ప్రూఫు (తప్పులు దిద్దడానికి తీసే నకలు), రెండో ప్రూఫు, కొందరు మూడోది కూడా చూస్తారు.

అక్కడితో అవదు. పుస్తకం ఫారాల లెక్కన, అంటే ఒక పెద్ద కాగితం మీద కొన్ని పేజీలు కలిపి అచ్చవుతుంది, నవలలకు మామూలుగా వాడే డెమ్మీ సైజులో సాధారణంగా ఫారానికి 16 పేజీలు. 304 పేజీలంటే సరిగ్గా 19 ఫారాలు. రచయిత ఆఖరి ప్రూఫులో నాలుగు వాక్యాలు చేర్చి 305వ పేజీలోకి వెళ్లారనుకోండి, ఆ ఒక్క పేజీ కోసం ఇంకో ఫారమో అర ఫారమో వేయాలి, లేదంటే ఎక్కడో నాలుగు వాక్యాలు కొట్టేయాలి. పేజీలు తేలందే వెన్ను మందం తేలదు. 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 70 గ్రాముల బరువు) మాప్‌లిథో కాగితం మీద 304 పేజీల పుస్తకం వెన్ను సుమారు 14 మిల్లీమీటర్లు వస్తుంది. అది తెలిస్తే గానీ వెన్నుమీద పేరు మధ్యకు వచ్చేలా అట్ట తయారుచేయలేరు. అట్టకు లామినేషన్, తర్వాత బైండింగు. బైండింగులో వాడే జిగురు సరిగ్గా ఆరకముందే కట్టలు కట్టి బస్సులో వేస్తే మన ఊరి చెమ్మకు మొదటి చదువులోనే పేజీలు ఊడివస్తాయి. అంచేత ప్రచురణకర్త రెండు వారాలు ఆగమంటే ఆగడమే నయం.

తెలుగు నవల తొలి ముద్రణ 500 ప్రతులో, 1000 ప్రతులో వేయడం మామూలు. మలి ముద్రణ ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. కాబట్టి ఆలస్యం కాకూడని చోటు ఒకటుంది: నిజంగా కావాలనుకున్న తెలుగు నవలకు ముందస్తు ఆర్డరు పెట్టడం మంచిదే. పెట్టేముందు డబ్బు ఎవరి పేరున వెళ్తోందో చూడండి. ప్రచురణ సంస్థ, తెలిసిన దుకాణం, రచయిత తప్ప నాలుగో పేరుంటే వద్దు.

పేరున్న నవల వచ్చే వారంలో ఆన్‌లైన్‌లో ఇంకో తంతు జరుగుతుంది. అదే పేరుకు దగ్గరగా ‘సారాంశం’, ‘గైడ్’, ‘వర్క్‌బుక్’ అంటూ పలచటి పుస్తకాలు పుట్టుకొస్తాయి. అట్ట రంగు కూడా దగ్గరగానే ఉంటుంది. పేజీల సంఖ్య చూడండి. మూడు వందల పేజీలుండాల్సింది నలభై అని కనిపిస్తే అది నవల కాదు.

పేవ్‌మెంటు మీద దొరికే దొంగ అచ్చును పట్టుకోవడం కష్టం కాదు. అట్టమీద బొమ్మ మసకగా ఉంటుంది, వెన్నుమీద అక్షరాలు ఒక పక్కకు జరిగి ఉంటాయి, పేజీ వెనక అక్షరాలు ముందుకు కనిపిస్తాయి. 16, 32, 48, 64 పేజీల దగ్గర ఆగి తర్వాతి అంకె చూడండి. ఫారం మొత్తం జారిపోవడమో, ఒకే ఫారం రెండుసార్లు రావడమో అక్కడే బయటపడుతుంది. అసలు ప్రతుల్లోనూ అప్పుడప్పుడూ ఈ పొరపాటు జరుగుతుంది. తేడా ఏమంటే, బిల్లు ఉంటే అసలు ప్రతిని మార్చి ఇస్తారు. పుస్తకం మీద జీఎస్టీ లేదు కాబట్టి బిల్లు వద్దంటే తగ్గిస్తామనే మాటకు అర్థం లేదు.

ఐఎస్‌బిఎన్ అంకెల్ని పరీక్షించడం ఏడో తరగతి పిల్లలు కాగితం మీద చేయగల లెక్క. 2007 నుంచి అది 13 అంకెలు. 978 తర్వాత 81 గానీ 93 గానీ ఉంటే భారతదేశంలో ఇచ్చింది, రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ దీన్ని ఉచితంగానే ఇస్తుంది. మొదటి 12 అంకెల్ని వరుసగా 1తో, 3తో, మళ్లీ 1తో, 3తో గుణించుకుంటూ పోయి కూడాలి. వచ్చిన మొత్తానికి ఎంత కలిపితే పదితో భాగించగల సంఖ్య అవుతుందో అదే 13వ అంకె. 978030640615 తీసుకోండి: ఒకటో, మూడో, ఐదో స్థానాల్లాంటి బేసి స్థానాల అంకెలు కూడితే 27, సరి స్థానాలవి 22, దాన్ని 3తో గుణిస్తే 66. మొత్తం 93. వందకు ఇంకా 7 కావాలి, చివరి అంకె 7. పిల్లలు ఐఎస్‌బిఎన్ కూడా రాసిస్తే దాన్ని ఇలా సరిచూశాకే బోర్డెక్కిస్తారు. ఎక్కించేటప్పుడు ఒక్క అంకె తప్పుపడినా లెక్క కుదరదు. దొంగ అచ్చు మీద మాత్రం అసలు నంబరే ఉంటుంది, దాన్ని ఈ లెక్క పట్టదు.

ఇక పుస్తకం వచ్చాక సంగతి. ఒక ప్రతి, 24 మంది పిల్లలు, ఒక్కొక్కరికి 10 రోజులు. అంటే 240 రోజులు, ఎనిమిది నెలలు. జనవరిలో మొదలైతే చివరి పిల్లకు వేసవి సెలవులు దాటినా అందదు. అందుకని పదిమందికి మించి అడిగిన నవలకు రెండో ప్రతి, ఇరవై దాటితే మూడోది కొంటాం. 250 పేజీల లోపు పుస్తకానికి ఏడు రోజులు, పైన పది రోజులు, వరుసలో ఎవరైనా ఉంటే పొడిగింపు లేదు. వరుస కూడా ముందొచ్చినవాళ్లకు ముందు అన్న లెక్కన కాదు. ఆ లెక్కైతే గాజువాక బస్సు పిల్లలకే ఎప్పుడూ మొదటి చోటు, మధురవాడ బస్సు వచ్చేసరికి ప్రార్థన గంట కొట్టేస్తుంది. చీటీలు వేసి తీస్తాం.

ఏడు రోజుల్లో అవుతుందా అని అడిగే తల్లులకు ఒక చిన్న పద్ధతి. అదే లావు అక్షరాలున్న వేరే పుస్తకం ఇచ్చి 20 నిమిషాలు చదవనివ్వండి, ఎన్ని పేజీలయ్యాయో చూడండి. 12 పేజీలైతే 240 పేజీలకు 20 విడతలు. రోజుకు మూడు విడతలు కుదరని ఇంట్లో ఏడు రోజులు చాలవు, అలాంటి పిల్లలు చీటీమీద ‘సెలవుల్లో’ అని రాస్తే సంక్రాంతి సెలవులకు ఇస్తాం.

నిరీక్షణ కాలంలో ఖాళీగా కూర్చోనక్కర్లేదు. వరస నవలల్లో రాబోయేది నాలుగోదైతే మొదటి మూడూ లైబ్రరీలో ఉన్నాయేమో అడగండి. చాలామంది మూడోది చదివి ఏళ్లయి, పాత్రల పేర్లు మరిచిపోయి, కొత్తదాంట్లో యాభై పేజీలు తడుముకుని వదిలేస్తారు. రచయిత కొత్తవారైతే వారి కథలు వారపత్రికల్లోనో, ఆన్‌లైన్ పత్రికల్లోనో దొరుకుతాయి, ఒక కథ చదివితే భాష నచ్చుతుందో లేదో తెలిసిపోతుంది. చిన్న తరగతులకు ఏమివ్వాలో తోచకపోతే సాహిత్య అకాదెమీ 2010 నుంచి ఇస్తున్న బాలసాహిత్య పురస్కారాల తెలుగు జాబితా చూడండి.

వయసుకు మించిన నవల అడిగినప్పుడు ఏం చేయాలి? నిషేధించడం వల్ల ఒరిగేది లేదు, దాచుకుని చదువుతారు. మీరు మొదటి ముప్పై పేజీలు, మధ్యలో పది, చివరి అధ్యాయం చదవండి. మొదట్లో సౌమ్యంగా ఉండి మధ్యలో హింస పెరిగే నవలలు ఉంటాయి, అట్ట వెనక పరిచయం అది చెప్పదు. పర్వాలేదనిపిస్తే ఇవ్వండి, లేదంటే ఎందుకు ఆగాలో పిల్లకు నేరుగా చెప్పండి.

మన ఊరి గాలికి పుస్తకం నిలవాలంటే కొంచెం జాగ్రత్త కావాలి. ప్లాస్టిక్ అట్ట బిగించి వేయకండి, లోపల చెమ్మ చిక్కుకుని బూజు పడుతుంది. ఖాకీ కాగితం మేలు. పుస్తకాల బీరువాను గోడకు ఆనించకుండా రెండంగుళాలు జరపండి, సముద్రం వైపు గోడకైతే అసలే వద్దు. వానలో తడిసిన ప్రతిని ఎండలో పెడితే అట్ట వంకర తిరుగుతుంది. పది పేజీలకొక టిష్యూ కాగితం పెట్టి, ఫ్యాను కింద నిలబెట్టి, తడిసిన కాగితాలు గంటకోసారి మార్చండి. ఎండిన వేపాకులు పెట్టేవాళ్లు ఏటా మార్చాలి, పొడి అయిపోయిన ఆకులవల్ల పురుగు ఆగదు.

పీడీఎఫ్ గురించి ఒక్క మాట. విడుదలకు ముందే ‘పూర్తి నవల’ అని వాట్సాప్‌లో వచ్చే ఫైలు చాలాసార్లు వేరే పుస్తకం, కొన్నిసార్లు ఫోన్‌కు హాని చేసే ఫైలు. నిజంగా అదే నవలైతే 500 ప్రతులు వేసుకున్న రచయిత నష్టపోతారు. స్కూలు గ్రూపుల్లో అలాంటివి పెట్టవద్దని మనవి.

ఈ నెల 12వ తేదీ సాయంత్రం లోపు మీ పిల్లల చీటీలు క్లాస్ టీచరుకు అందాలి. ఒక్కొక్కరు మూడు పేర్లకు మించి రాయకూడదు, వాటిలో కనీసం ఒకటి తెలుగు నవల కావాలి. ఇంట్లో చదివేసిన కొత్త నవలలు లైబ్రరీకి ఇవ్వదలచినవాళ్లు ప్రతిమీద ఏమీ రాయకుండా పంపండి, అక్సెషన్ నెంబరు (లైబ్రరీ పుస్తకాల పట్టికలో వరుస సంఖ్య), స్కూలు ముద్ర మేమే వేస్తాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు