స్కాన్‌ని ఏమడగాలి?

ఒరేయ్ సుధాకర్,

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి మీ నాన్నగారే గుర్తొస్తున్నారు. డిమెన్షియా అని మాత్రం చెప్పి పంపారనీ, "ఈ వయసులో ఏ రకమైతే ఏముందిలే" అని ఇంట్లో అంటున్నారనీ రాశావు. నేను ఒప్పుకోనురా. రకం తెలియాలి.

నువ్వు రాసినవే చూడు. గదిలో లేని పిల్లలు కనబడటం, ఒకరోజు తేటగా ఉండి మర్నాటికి అయోమయంలో పడటం, నిద్రలో చేతులూ కాళ్లూ విసరటం. మరపు కంటే ఇవే ముందొచ్చాయంటే లూయీ బాడీ డిమెన్షియా ఏమోనని చూడాలి. మెదడు కణాల్లో లూయీ బాడీలనే ప్రోటీన్ ముద్దలు చేరే రకం అది. అదే అయితే, ఆ భ్రమలు తగ్గాలని హాలోపెరిడాల్ లాంటి మందు ఇస్తే ఒళ్లు బిగుసుకుపోయి ప్రాణం మీదికే రావచ్చు. నా టెన్షనంతా దాని గురించే. ఆ అనుమానం సంగతి డాక్టరుకు ఇప్పుడే చెప్పు, స్కాన్ దాకా ఆగకు.

ఎమ్మారై ఎలాగూ తీస్తారు. మెదడు మీద రక్తం చేరిందా, లోపల నీరు పెరిగిందా, కణితి ఉందా అన్నది ముందు తేలాలి, వీటిలో కొన్నింటికి వైద్యం ఉంది కాబట్టి. పాత స్ట్రోకుల మచ్చలూ అందులోనే కనబడతాయి. జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ బాగా కుంచించుకుపోతే అల్జీమర్స్ వైపు మొగ్గుతాం. లూయీ బాడీలో అది తరచు అంతగా దెబ్బతినదు.

అప్పటికీ తేలకపోతే పెట్ స్కాన్ ఉంది. మెదడులో గ్లూకోజు వాడకం ఎక్కడ తగ్గిందో చూపిస్తుంది. అల్జీమర్స్‌లో కణతల దగ్గరా, పైన వెనకవైపూ తగ్గుతుంది. ఫ్రంటోటెంపొరల్ అనే ఇంకో రకం డిమెన్షియాలో నుదుటి వెనక. లూయీ బాడీలో చూపుకు సంబంధించిన వెనకభాగంలో కూడా. లేనివి కనబడే జబ్బులో సరిగ్గా ఆ చోటే మందగించడం చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మీ నాన్నగారి విషయంలో నేనైతే డాట్ స్కాన్ గురించి అడుగుతాను. కదలికలకు అవసరమైన డోపమిన్ అనే రసాయనాన్ని అందించే నరాల కొసలు ఎంత మిగిలాయో అందులో తెలుస్తుంది. బాగుంటే రెండు కామాల్లా వెలుగుతాయి, లూయీ బాడీలో తోకలు పోయి చుక్కలు మిగులుతాయి. అల్జీమర్స్‌లో సాధారణంగా అలా జరగదు. ఈ జబ్బు కోసం ఈ స్కాన్ వాడకానికి అమెరికాలో 2022లో అనుమతి వచ్చింది. అయితే పార్కిన్సన్స్‌లోనూ బొమ్మ ఇలాగే ఉంటుంది. స్కాన్ మామూలుగా వచ్చినంత మాత్రాన లూయీ బాడీ కాదని కొట్టిపారేయలేం. కొన్ని మందులు ఫలితాన్ని తారుమారు చేస్తాయి, ఆయన వాడేవన్నీ ముందే చెప్పు.

ఎవరో అమిలాయిడ్ పెట్ చేయించమన్నారని రాశావు కదా, అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రోటీన్‌ను చూపించే స్కాన్ అది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలోనూ అమిలాయిడ్ ఉంటుంది, లూయీ బాడీ ఉన్నవాళ్లలో చాలామందికీ ఉంటుంది. నీ ప్రశ్నకు అది జవాబు చెప్పదు.

న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లేటప్పుడు అమ్మని తీసుకెళ్లు. రాత్రి నిద్ర సంగతి ఆవిడకే తెలుసు. ఎమ్మారై అయ్యాక రిపోర్టు ఒక్కటే కాదు, బొమ్మలున్న సీడీ కూడా పంపు, చూస్తాను.

నీ
రఘు