మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ మార్పు డేటా నుంచి మొదలవ్వాలి

సంపాదకులు గారికి,
నమస్కారం.

ప్రభుత్వ కార్యాలయాలు మ్యాపుల తయారీకి వాడుతున్న ఖరీదైన సాఫ్ట్‌వేర్‌ను వదిలి, క్యూజీఐఎస్ (మ్యాపులు తయారుచేసే ప్రోగ్రామ్), పోస్ట్‌జీఐఎస్ (మ్యాపుల డేటాను భద్రపరిచే డేటాబేస్) వంటి ఓపెన్ సోర్స్, అంటే లైసెన్సు రుసుము లేకుండా ఎవరైనా వాడుకుని మార్చుకోగల సాఫ్ట్‌వేర్‌కు మారాలన్న ఆలోచనను నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. ప్రజల సొమ్ముతో సేకరించిన భూమి, నీరు, రహదారుల సమాచారాన్ని తెరిచి చూడటానికి ఏటా ఎవరికో లైసెన్సు రుసుము చెల్లించాల్సి రావడం, ఒక్క లైసెన్సు ఉన్న కంప్యూటర్ దగ్గర సిబ్బంది వంతుల కోసం ఎదురుచూడటం ఎంతమాత్రం సమంజసం కాదు. అయితే ఈ చర్చ ఎక్కడ జరిగినా ఎంత ఖర్చు మిగులుతుందన్న లెక్క దగ్గరే ఆగిపోతోంది కాబట్టి, కంప్యూటర్‌లో మ్యాపులు, భౌగోళిక సమాచారం చూసే జీఐఎస్ విభాగంలో చాలాకాలం పనిచేసిన వ్యక్తిగా ఒక విషయాన్ని మీ పత్రిక ద్వారా చెప్పదలచుకున్నాను. మార్పు అన్నది ఉద్యోగికి తెర మీద కనిపించే ప్రోగ్రామ్‌తో కాకుండా, దాని వెనక డేటా నిల్వ ఉండే చోటు నుంచి మొదలవ్వాలి. ఆ వరుస తప్పితే మంచి సాఫ్ట్‌వేర్‌కు కూడా చెడ్డపేరు వస్తుంది, ఆరు నెలలు తిరక్కుండానే కార్యాలయం మళ్లీ పాతదాన్నే కొంటుంది.

ఓపెన్ సోర్స్‌ను నమ్మవచ్చా అనే ప్రశ్నకు నా ఉద్దేశంలో కాలం చెల్లింది. ఇలాంటిదే మరో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ గ్రాస్ జీఐఎస్ 1982లో అమెరికా సైన్యానికి చెందిన పరిశోధనశాలలో మొదలైంది. పోస్ట్‌జీఐఎస్ 2001లో, క్యూజీఐఎస్ 2002లో వచ్చాయి. ఫ్రాన్స్ జాతీయ మ్యాపింగ్ సంస్థ ఐజీఎన్ తమ దేశపు భౌగోళిక డేటాను పోస్ట్‌జీఐఎస్‌లోనే నిర్వహిస్తోంది. రకరకాల మ్యాపు ఫైళ్లను చదివి, ఒక ఫార్మాట్ నుంచి మరో ఫార్మాట్‌లోకి మార్చే జీడాల్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీని (ఇతర ప్రోగ్రాములు తమలో కలుపుకుని వాడుకునే కోడ్‌ను) గూగుల్ ఎర్త్ సైతం వాడుకుంటుంది. లైసెన్సు కట్టి కొనుక్కునే ప్రోగ్రాముల లోపల కూడా ఇదే లైబ్రరీ పనిచేస్తున్నప్పుడు, నాణ్యత గురించి ఇంకా సందేహపడటంలో అర్థం లేదు.

అసలు చిక్కు మన డేటా ఉన్న తీరులో ఉంది. చాలా కార్యాలయాల్లో ఒకే మ్యాపు పొర (రోడ్లు, చెరువులు వంటి ఒక్కో రకం వివరాల సముదాయం) నలుగురి కంప్యూటర్లలో నాలుగు రకాలుగా ఉంటుంది, అందులో ఏది తాజాదో అడిగితే ఎవరూ గట్టిగా చెప్పలేరు. పైగా ఆ డేటాలో అధిక భాగం 1990లలో వచ్చిన షేప్‌ఫైల్ ఫార్మాట్‌లోనే ఇప్పటికీ తిరుగుతోంది. అందులో కాలమ్ పేరు ఇంగ్లీషులో పది అక్షరాలు దాటకూడదు. జనాభా వివరాల కోసం పాపులేషన్ అనే ఇంగ్లీషు మాటకు 2001, 2011 అని సంవత్సరాలు చేర్చి రెండు కాలమ్‌లు పెట్టుకున్నారనుకుందాం. ఆ మాటలోనే పది అక్షరాలున్నాయి కాబట్టి షేప్‌ఫైల్‌గా భద్రపరచగానే సంవత్సరాలు రెండూ తెగిపోతాయి, ఏ కాలమ్ ఏ ఏడాదిదో తర్వాత తెరిచినవారికి తెలిసే దారి ఉండదు. పొడవాటి చిరునామాలు 254 అక్షరాల దగ్గర ఆగిపోతాయి. ఎన్‌కోడింగ్ (అక్షరాలను కంప్యూటర్ భద్రపరిచే పద్ధతి) సరిగా పెట్టకపోతే తెలుగు ఊళ్ల పేర్లు ప్రశ్నార్థకాల వరుసగా మారతాయి. ఇలాంటి డేటాను ఉన్నదున్నట్టు కొత్త సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, తప్పులు కనబడగానే కొత్త సాఫ్ట్‌వేర్‌నే తప్పుపట్టడం పరిపాటి అయింది.

అందుకే మొదటి పనిగా డేటా మొత్తాన్ని ఒకే పోస్ట్‌జీఐఎస్ డేటాబేస్‌లోకి చేర్చాలి. ఎవరు చూడవచ్చు, ఎవరు మార్చవచ్చు అన్న హక్కులను అక్కడే నిర్ణయించవచ్చు, ఒకే పొరపై పలువురు ఏకకాలంలో పనిచేయవచ్చు. పాత సాఫ్ట్‌వేర్లలో ప్రధానమైనవి కూడా ఈ డేటాబేస్‌లోని డేటాను చదవగలవు కాబట్టి, కొంతకాలం పాతదీ కొత్తదీ పక్కపక్కనే నడుస్తాయి, ఉద్యోగి తన వీలును బట్టి ఒకదాని నుంచి మరోదానికి మారతాడు. ఒక తేదీ పెట్టి ఆ రోజుతో పాతది బంద్ అని ఉత్తర్వు ఇవ్వడం కన్నా ఇది ఎంతో మేలు.

డేటా చేరినంత మాత్రాన అంతా చేరినట్టు కాదు. పాత ప్రోగ్రామ్‌లో రూపొందించిన మ్యాపు ప్రాజెక్టులు, రంగులు, గుర్తులు చాలావరకు మళ్లీ చేసుకోవాలి, దాని కోసమే రాసిన స్క్రిప్టులను (పనులను వాటంతటవే జరిపించే చిన్న ప్రోగ్రాములను) తిరగరాయాలి. ఇంతకన్నా జాగ్రత్తగా చూడాల్సింది నిర్దేశాంకాల (ఒక స్థలం ఎక్కడుందో తెలిపే అంకెల) విషయం. పాత సర్వే డేటమ్‌లో (నిర్దేశాంకాలను లెక్కించే ఆధార ప్రమాణంలో) ఉన్న పొరను నేటి జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 అనే డేటమ్‌లోకి మార్చేటప్పుడు తగిన సూత్రాన్ని ఎంచుకోకపోతే సరిహద్దులు వందల మీటర్ల మేర పక్కకు జరగవచ్చు. రెండు సాఫ్ట్‌వేర్లు వేర్వేరు సూత్రాలను ఎంచుకుంటే ఒకే పొర రెండు చోట్ల కనిపిస్తుంది. ఏ సూత్రం వాడాలో కార్యాలయమే ముందుగా నిర్ణయించి, రాతపూర్వకంగా పెట్టుకోవాలి. భూమి హద్దులకు సంబంధించిన డేటాలో ఈ ఒక్క అజాగ్రత్త ఎంత నష్టం చేస్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక మిగిలే డబ్బు సంగతి. దాన్ని ఖజానాకు ఆదాగా చూపించడం తొందరపాటు అవుతుందని నా అభిప్రాయం. కనీసం మొదటి కొన్నేళ్లు ఆ మొత్తాన్ని సిబ్బంది శిక్షణకు, డేటాబేస్‌ను చూసుకునే నిపుణుడి జీతానికి, సాఫ్ట్‌వేర్‌ను అభివృద్ధి చేస్తున్నవారికి తోడ్పాటుగా ఖర్చు పెట్టాలి. జీడాల్ నిర్వహణ కోసం 2021లో మొదలైన కార్యక్రమానికి మైక్రోసాఫ్ట్, మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే ఈఎస్ఆర్ఐ వంటి వాణిజ్య సంస్థలే నిధులు ఇస్తుండగా, అదే లైబ్రరీపై ఆధారపడే ప్రభుత్వాలు పైసా ఇవ్వకుండా వాడుకోవడం న్యాయం కాదు. కార్యాలయంలో ఎదురైన లోపాన్ని డబ్బిచ్చి సరిచేయించుకుంటే, ఆ మార్పు అదే సాఫ్ట్‌వేర్ వాడే ప్రతి కార్యాలయానికీ అందుతుంది. క్యూజీఐఎస్‌లో దాదాపు నాలుగు నెలలకో కొత్త వెర్షన్ వస్తుంది. కార్యాలయాలు వాటన్నిటి వెంటా పరుగెత్తకుండా దీర్ఘకాలిక మద్దతు ఉన్న వెర్షన్‌నే వాడుకోవాలి.

కొన్ని ప్రత్యేక పనులకు పాత సాఫ్ట్‌వేరే మెరుగని సిబ్బంది చెబితే వారి మాట వినాలి, ఆ మేరకు రెండు మూడు లైసెన్సులు ఉంచుకోవడంలో తప్పు లేదు. టెండర్లలో మాత్రం రాజీ పడకూడదు. సర్వే చేసే కాంట్రాక్టరు డేటాను జియోప్యాకేజ్ వంటి బహిరంగ ఫార్మాట్‌లో, ఏ నిర్దేశాంక వ్యవస్థలో ఉందో తెలిపే వివరాలతో సహా అప్పగించాలన్న షరతు ప్రతి ఒప్పందంలోనూ ఉండాలి. ఇందుకు సాఫ్ట్‌వేర్ మార్పు పూర్తయ్యేదాకా వేచి ఉండనక్కర్లేదు, ఈ షరతును రాబోయే టెండరులోనే చేర్చవలసిందిగా సంబంధిత అధికారులను కోరుతున్నాను.

భవదీయుడు,
జీఐఎస్ విభాగంలో పనిచేసిన ఒక పాఠకుడు