కొండ మీదికి మమ్మల్ని చేర్చినవాళ్ళకి

అందరికీ నమస్కారం. మేం కొండప్రాంతానికి కాపురం మార్చి నిన్నటికి సరిగ్గా ఏడాది. సామాను దింపిన రోజునే ఈ పోస్టు రాయాలనుకున్నాను. అప్పుడే రాసి ఉంటే చోటు అందంగా ఉందని, మనుషులు మంచివాళ్ళని నాలుగు ముక్కలు రాసి ఊరుకునేదాన్ని. ఎవరు మాకు ఏం చేశారో, వాళ్ళు లేకపోతే మేం ఏమైపోయేవాళ్ళమో పూర్తిగా తెలియడానికి ఒక వానాకాలం, ఒక చలికాలం గడవాల్సి వచ్చింది.

నగరంలో మా రోజులు మీకు తెలిసినవే. పాప లేవకముందు బయల్దేరడం, పడుకున్నాక ఇల్లు చేరడం. సెలవులకి రెండుసార్లు కొండలకి వచ్చి నాలుగేసి రోజులు ఉన్నాం. రెండోసారి తిరిగి వెళ్తూ దారంతా నేనూ మా వారూ మాట్లాడుకోలేదు. ఇంటికి చేరాక ఇద్దరం ఒకే మాట అన్నాం, అక్కడే ఉండిపోదామని. ఈ సంగతి చెప్తే దాదాపు అందరూ "అదృష్టవంతులు, వెళ్ళిపోండి" అన్నారు. ఒక నలుగురైదుగురు మాత్రం "కాస్త ఆగండి" అన్నారు. అప్పట్లో వాళ్ళ మీద కొంచెం కోపం కూడా వచ్చింది. ఈ పోస్టు వాళ్ళ కోసమే.

మొదట మా టీమ్‌లో సీనియర్ అన్నకి. చాలా ఏళ్ళుగా కొండల్లోనే ఉండి పని చేస్తున్న మనిషి. "చూడ్డానికి వచ్చే కాలం వేరమ్మా, ఉండొచ్చో లేదో తేల్చుకునే కాలం వేరు. జోరు వానల్లో వచ్చి పది రోజులు ఇక్కడి నుంచే పని చెయ్యి. అప్పటికీ ఉండాలనిపిస్తే ఇల్లు వెతుకు" అన్నాడు. వచ్చాం. పది రోజుల్లో మూడు రోజులు కరెంటు లేదు, బట్టలు ఆరలేదు, ఎదురింటి గోడ కూడా కనపడనంత పొగమంచు. అయినా పాప ఏడో రోజున "మనం ఇక్కడి నుంచి వెళ్ళిపోవాలా?" అని దిగులుగా అడిగింది. మా నిర్ణయం ఆ పూట జరిగింది.

ఇంటర్నెట్ గురించి నేను స్పీడ్ ఒక్కటే అడుగుతుంటే, ఎన్ని దారుల్లో వస్తుందో అడగమని చెప్పింది కూడా ఆయనే. కొండల్లో ఫైబర్ కేబుల్ చాలా చోట్ల రోడ్డు పక్కనే వస్తుంది. కొండచరియ పడి రోడ్డు తెగితే దాంతోపాటు కేబులూ తెగుతుంది. మొబైల్ సిగ్నల్‌కి మధ్యలో గుట్ట అడ్డొస్తే టవర్ దగ్గరగా ఉన్నా లాభం లేదు. ఉపగ్రహం ద్వారా వచ్చే నెట్‌లోనూ తేడాలున్నాయట. 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉండే పాతరకం ఉపగ్రహాలైతే సిగ్నల్ వెళ్ళి రావడానికే అర సెకనుకు పైగా పడుతుంది, వీడియో కాల్‌లో ఒకరి మాట మీద ఒకరి మాట పడుతుంది. స్టార్‌లింక్ లాంటివి సుమారు 500 కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి కాబట్టి ఆ ఇబ్బంది ఉండదు. ఇవన్నీ ఓపిగ్గా చెప్పి, నేను చూసిన ప్రతి ఇంటి కిటికీలో ఫోన్ పెట్టి సిగ్నల్ చూపించమని అడిగేవాడు. అన్నా, ఈ ఏడాదిలో నా ఉద్యోగానికి ఒక్క మాట రాలేదంటే ఆ పుణ్యం మీదే.

కొండ మీది నుంచే పని చేస్తానంటే, మూడు నెలలు చూసి అప్పుడు మాట్లాడదామని ఒప్పుకున్న మా మేనేజర్ గారికీ కృతజ్ఞతలు. మూడు నెలలయ్యాక మళ్ళీ ఆ మాట ఎత్తలేదు, అదే చాలు.

తర్వాత అమ్మని చూసే డాక్టరు గారికి. మేం ఉండే చోటు దాదాపు 2000 మీటర్ల ఎత్తు. గాలిలో ఆక్సిజన్ వాటా ఎక్కడైనా 21 శాతమే, కానీ ఈ ఎత్తులో గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే ఐదో వంతు తగ్గుతుంది, కాబట్టి ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ కూడా ఆ మేరకు తగ్గుతుంది. ఎత్తు వల్ల జబ్బు చేయడం మామూలుగా 2500 మీటర్లు దాటాకే అని చదివి మేం ధైర్యంగా ఉన్నాం. ఆవిడ మాత్రం అమ్మ రక్తపరీక్ష చూసి, "హిమోగ్లోబిన్ ఇంత తక్కువగా పెట్టుకుని కొండెక్కిస్తారా? ముందు రక్తం పట్టనివ్వండి" అని గట్టిగా చెప్పారు. ప్రయాణం రెండు నెలలు వాయిదా పడింది. అడ్వాన్సు ఇచ్చేసిన లారీ, పాప బడి, అన్నీ తారుమారయ్యాయి, ఇంట్లో అందరికీ టెన్షన్. ఇప్పుడు అమ్మ రోజూ సాయంత్రం మెట్లదారిలో పైకి నడిచి వెళ్ళి వస్తోంది. మొదటి వారం ఎవరూ బరువులు ఎత్తొద్దని, నిద్ర సరిగ్గా పట్టకపోయినా కంగారు పడొద్దని, శరీరం కొత్త రక్తకణాలు తయారు చేసుకోవడానికి వారాలు పడుతుందని ముందే చెప్పి పంపారు. డాక్టరు గారూ, మీరు ఆ రోజు మొహమాటపడకుండా చెప్పినందుకు మా ఇంటిల్లిపాదీ మీకు రుణపడి ఉంటాం.

ఇప్పుడు ఇంటి సంగతి. ఇది ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మేం చేయబోయిన పెద్ద పొరపాటు ఇదే. లోయ అడుగున, వాగు పక్కన ఒక ఇల్లు చూపించారు. నీళ్ళ చప్పుడు, చుట్టూ పచ్చిక, గుమ్మం దాకా కారు వెళ్తుంది. ఆ మర్నాడే అగ్రిమెంటు రాసుకుందామనుకున్నాం. మేం బస చేసిన ఇంటి పెద్దమ్మ ఆ మాట విని ఏమీ అనలేదు. తెల్లవారుజామున తలుపు తట్టి, "స్వెట్టర్ వేసుకుని రా అమ్మాయ్" అని నన్ను ఆ ఇంటి దాకా తీసుకెళ్ళింది.

ఆ ఇంటి ముందు గడ్డి తెల్లగా బిగుసుకుపోయి ఉంది, అడుగు వేస్తే బూటు కింద కరకరలాడింది. బయటి కుళాయి తిప్పితే నీళ్ళు రాలేదు. అక్కడి నుంచి వాలు మీదికి ఓ యాభై మీటర్లు ఎక్కించి, వంగి గడ్డి మీద చెయ్యి పెట్టమంది. తడిగా ఉంది, అంతే. రాత్రిపూట చల్లగాలి బరువెక్కి నీళ్ళలాగే పల్లానికి జారి అడుగున నిలిచిపోతుందని, అందుకే లోయలో ఇల్లు గట్టున ఉన్న ఇంటికన్నా చల్లగా ఉంటుందని చెప్పింది. ఎత్తుకి వెళ్ళే కొద్దీ ప్రతి 1000 మీటర్లకీ సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని నేను చదువుకున్నాను. పైకి వెళ్తే వెచ్చగా ఉండే రాత్రులుంటాయని నా చేతితో తడిమి తెలుసుకున్నది మాత్రం అప్పుడే. తర్వాత ఎండ ఏ ఇంటి మీద ముందు పడుతుందో చూడమని నన్ను రాతి మీద కూర్చోబెట్టింది. దక్షిణం వైపు వాలు మీదున్న ఇళ్ళు ఒక్కొక్కటిగా వెలిగాయి. లోయలో ఇంటికి ఎండ వచ్చేసరికి పదకొండు దాటింది, మూడింటికల్లా పోయింది. గోడల్లో కొత్త బీటలున్నాయా, చెట్లు ఒకవైపుకి ఒరిగాయా, ఇంటి వెనక కట్టిన అడ్డుగోడలో నీరు పోయే రంధ్రాలు పూడిపోయాయా అని చూడటం కూడా ఆవిడే నేర్పింది. ఆ తర్వాత వచ్చిన వానాకాలంలోనే వాగు పొంగి ఆ ఇంటి వరండాలోకి నీళ్ళొచ్చాయి. పెద్దమ్మా, మీకు థాంక్స్ అంటే సరిపోదు. పాప మిమ్మల్ని అమ్మమ్మ అని పిలుస్తుంటే విని మా అమ్మ మురిసిపోతోంది.

మా వారికి కొండదారిలో కారు నడపడం నేర్పిన డ్రైవర్ తమ్ముడికి కూడా. "ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి సార్, బ్రేకు మీద కాలు పెట్టుకుని దిగొద్దు" అని మూడు ఆదివారాలు పక్కన కూర్చుని నేర్పాడు. బ్రేకులు వేడెక్కితే వచ్చే వాసన ఎలా ఉంటుందో ఆపి చూపించాడట. ఎదురుగా ఎక్కే బండికి దారి ఇవ్వడం ఇప్పుడు మా వారికి అలవాటైపోయింది. డబ్బులిస్తే తీసుకోలేదు.

చివరిగా, మేం వచ్చిన నాలుగో నెలలో రోడ్డు మూసుకుపోయిన రాత్రి గురించి. పాపకి జ్వరం 103 దాటింది. ఆసుపత్రి ఇరవై కిలోమీటర్లే, కానీ ఇక్కడ దూరం గంటల్లో చెప్తారు. మామూలు రోజునే గంట ప్రయాణం. సగం దారిలో చరియ విరిగి రోడ్డు మీద మట్టీ రాళ్ళూ. పక్కింటి వాళ్ళు ముందే ఫోన్లు చేసి ఉన్నారు. అటువైపు ఒక జీపు సిద్ధంగా నిలబడింది. ఇటువైపు పదిమంది దాకా మనుషులు, వానలో, పై నుంచి ఇంకా రాళ్ళు పడుతున్నాయేమోనని ఒకరు పైకి చూస్తూ కాపలా ఉంటే మిగతావాళ్ళు మనిషి నడిచేంత దారి తీశారు. ఎవరో పాపని దుప్పటితో సహా నా చేతుల్లోంచి అందుకుని అటువైపు దాటించారు. జీపు ఎక్కాక వెనక్కి చూస్తే టార్చిలైట్లు తప్ప ముఖాలు కనపడలేదు.

పక్కింటివాళ్ళకి, జీపు నడిపిన ఆయనకి, ఆ రాత్రి డ్యూటీలో ఉన్న నర్సమ్మకి ఎదురుగా కృతజ్ఞతలు చెప్పుకోగలిగాను. రాళ్ళు తీసినవాళ్ళలో అందరూ ఎవరో ఇప్పటికీ నాకు తెలియదు. వాళ్ళలో ఒకరు దాటేటప్పుడు నా చేతిలో ఒక టార్చి పెట్టి వెళ్ళారు. పసుపు రంగుది, పిడి దగ్గర నల్ల టేపు చుట్టి ఉంది. మా గుమ్మం పక్కన మేకుకి తగిలించి ఉంచాను, బ్యాటరీలు కొత్తవి వేశాను. అది మీదైతే దయచేసి ఒకసారి మా ఇంటికి రండి.