గట్టిగా అడిగినోడికి ముందు కట్టేయకు

ఆమదాలవలస

చిట్టితల్లికి,

అమ్మ రాస్తున్నది. నువ్వు పంపిన అప్పుల కాగితం నేనూ మీ నాన్నా రెండుసార్లు చూశాం. ఫోన్లో చెబితే అంకెలు చెవిలో నిలవవు, అందుకే కూర్చుని రాస్తున్నాను. అల్లుడికి కూడా చదివి వినిపించు. ఇద్దరూ ఒకే కాగితం చూస్తేనే ఈ లెక్క తేలుతుంది.

కాగితంలో ఎవరికి నెలనెలా ఎంత కట్టాలో రాశావు. వడ్డీ ఎంతో రాయలేదు. కట్టకపోతే ఏటి పోతుందో అసలే రాయలేదు. ఆ రెండు గడులూ లేకపోవడం వల్లే ఇంటికొచ్చి గుమ్మంలో గట్టిగా అడిగినోడికి ముందు డబ్బులు వెళ్లిపోతున్నాయి. ప్రోనోటు ఆయన నెలకి రెండుసార్లు వచ్చి అరుస్తున్నాడు కాబట్టి ఆయనకి 1,200 ముందు ఇచ్చేసి, డ్వాక్రా సంఘం వాయిదా వెనక్కి తోస్తున్నావు. క్రెడిట్ కార్డు అరవదు కాబట్టి దాని సంగతి మర్చిపోతున్నావు. ఆయన వడ్డీ నూటికి రెండు రూపాయలు. కార్డుది ఎంతో లెక్క చెబుతాను, చూడు.

కార్డు మీద 40,000 ఉంది. నెలకి మూడున్నర శాతం వడ్డీ అంటే 1,400. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, 252. మొత్తం 1,652. నువ్వు మినిమమ్ డ్యూ అని 2,000 కడుతున్నావు, అందులో అసలుకి పోయేది 348 రూపాయలు. అంటే వడ్డీ, జీఎస్టీ కలిపి నెలకి నూటికి నాలుగు రూపాయల పైన పడుతోంది. పైగా ఒక నెల బాకీ మిగిల్చాక, ఆ కార్డు మీద కొత్తగా కొన్న సరుకులకి వడ్డీ లేని రోజులు ఉండవు, కొన్న రోజు నుంచే వడ్డీ. కిరాణా దానిమీద తేవడం ఈ రోజుతో మానెయ్.

ఇప్పుడు ఇంటి లెక్క. మిల్లులో షిఫ్టులు తగ్గాక అల్లుడికి 21,000 బదులు 14,000 వస్తోంది. నీ కుట్టుమిషను మీద 4,000. మొత్తం 18,000. అద్దె 4,500, తిండికి పాలతో కలిపి 5,500, కరెంటు గ్యాసు 1,500, పిల్లల బడి 1,500, మీ అత్తగారి మందులు 600, ఫోన్లు 500, పెట్రోలు 900. ఇవి 15,000. ఇందులో తగ్గించడానికి పెద్దగా ఏం లేదు, నువ్వు దుబారా మనిషివి కావు. రేషన్ కార్డు మీద మనిషికి 5 కిలోల చొప్పున మీ అయిదుగురికీ 25 కిలోలు వస్తాయి, అవి వదులుకోకు. పండిన బియ్యం మేం ఎలాగూ తెస్తాం.

మిగిలేది 3,000. కట్టాల్సింది సంఘానికి 2,000, బండికి 2,900, కార్డుకి 2,000, ప్రోనోటు వడ్డీ 1,200. మొత్తం 8,100. నెలకి 5,100 తక్కువ. ఈ 5,100 ప్రతినెలా ఏదో ఒక రూపంలో కొత్త అప్పుగా పుడుతోంది. ఇది పొదుపు చేస్తే పూడే గొయ్యి కాదమ్మా, అప్పుల్లోనే ఒకటి రెండు తీసేస్తే తప్ప పూడదు.

బండి అమ్మెయ్యండి. అల్లుడికి కష్టంగానే ఉంటుంది, నాకు తెలుసు. కానీ మూడు వాయిదాలు తప్పి కంపెనీ వాళ్లు పట్టుకెళ్తే వేలంలో అయినకాడికి అమ్మి, తక్కువ పడినది మళ్లీ మీ మీదే వేస్తారు. మీరు అమ్ముకుంటే ధర మీ చేతిలో ఉంటుంది. నువ్వు రాసిన ప్రకారం బండి 48,000 పలుకుతుంది, లోను 27,000 మిగిలుంది. ముందే మూసేస్తున్నందుకు వాళ్లు తీసుకునేది పోయినా 20,000 చేతికొస్తుంది. అయితే అమ్మే పద్ధతి జాగ్రత్త. కంపెనీ నుంచి ఈ తేదీకి ఎంత కడితే లోను మూసేస్తారో కాగితం మీద రాయించుకోండి. కొనేవాడి చేత ఆ మొత్తం నేరుగా లోను ఖాతాలో కట్టించండి, మిగతాది మీరు తీసుకోండి. ఎన్‌ఓసీ, ఫారం 35 (లోను తీరిపోయిందనే కాగితాలు) వచ్చాక ఆర్‌సీలో లోను ఎగరగొట్టించాలి. ఆ తర్వాత పేరు మార్పుకి 29, 30 ఫారాల మీద సంతకాలు. పేరు మారకుండా బండి ఇచ్చేస్తే రేపు ఎక్కడో గుద్దితే నోటీసు అల్లుడి పేరు మీదే వస్తుంది. పెట్రోలు 900 మిగులుతుంది, మిల్లుకి ఆటోకో బస్సుకో 300 పోయినా 600 నిలుస్తుంది.

ఆ 20,000 కార్డుకి కట్టెయ్. మిగతా 20,000కి బంగారం తాకట్టు పెడదాం. అప్పు తీర్చడానికి అప్పు చెయ్యకూడదని మీ అత్తగారు అంటున్నారు, ఆవిడ మాట చాలావరకు నిజం. కొత్త అప్పు వడ్డీ పాతదానిలో సగం కంటే తక్కువ ఉండి, పాతది ఆ రోజే పూర్తిగా మూసేస్తే మాత్రం చెయ్యొచ్చు. బ్యాంకులో తొమ్మిదిన్నర శాతం అనుకుంటే 20,000కి నెలకి 158 రూపాయలు. కార్డు మీద అదే 20,000కి 826. బీరువాలో ఉన్న పేటల గొలుసు పెట్టు, మెడలోది తియ్యకు. తూకం నీ ఎదురుగా వెయ్యమను. రాళ్లకి, లక్కకి ఎంత తీసేశారో రసీదులో రాయించు. చాలా బ్యాంకుల్లో గడువు 12 నెలలు, చివర్లో అసలూ వడ్డీ కలిపి కట్టాలి. అదే ఇక్కడ దెబ్బ తినే చోటు. నెలనెలా అడగరు కాబట్టి మర్చిపోతారు, గడువు దాటితే వేలం నోటీసు వస్తుంది. అందుకని 158 నెలనెలా కట్టేస్తూ ఉండు, బ్యాంకు వద్దనదు. వేలం దాకా వెళ్లినా బాకీ పోగా మిగిలిన డబ్బు నీదే, అడిగి తీసుకోవాలి. వీధి చివర తాకట్టు కొట్టులో పెట్టకు, అక్కడ నూటికి రెండు, మూడు.

కార్డు మొత్తం కట్టేశాక వచ్చే నెల బిల్లు కూడా చూడు. బిల్లు తేదీకీ నువ్వు కట్టిన తేదీకీ మధ్య రోజుల వడ్డీ తోకలా వస్తుంది. ఆ రెండు మూడొందలు కట్టకుండా వదిలేస్తే దానిమీద లేటు ఫీజు పడుతుంది. అది సున్నా అయ్యాక కార్డు మూసెయ్యమని రాసి, మూసినట్టు జవాబు తెప్పించుకో.

ఇలా చేస్తే నెలకి నిలిచేది 3,600. సంఘానికి 2,000, ప్రోనోటుకి 1,200, బంగారానికి 158. మొత్తం 3,358. 242 మిగులుతుంది. చాలా ఇరుకు, కానీ కొత్త అప్పు పుట్టదు.

సంఘం వాయిదా మాత్రం తప్పించకు. నీ ఒక్కదాని వాయిదా తప్పితే సంఘం మొత్తానికి బ్యాంకు లింకేజీ, అంటే బ్యాంకు ఇచ్చే అప్పు, ఆగుతుంది, వడ్డీ రాయితీ వచ్చేది వాయిదా తప్పని సంఘాలకే. మిగతా తొమ్మిది మంది నీకోసం చేతి డబ్బు వేసుకోవాలి. ఎప్పుడైనా ఇబ్బంది అనిపిస్తే వాయిదా రోజున కాదు, ముందు జరిగే సమావేశంలో చెప్పు. అక్కడే ఇంకో మాట అడుగు: మన పొదుపులోంచి ఇచ్చే అంతర్గత అప్పు రూపాయి వడ్డీకి ఎంత వస్తుందని. ప్రోనోటు 60,000లో 20,000 దానితో తీర్చినా ఆ భాగం మీద నెలకి 400 వడ్డీ 200 అవుతుంది. అయితే సంఘం అప్పుకి అసలు కూడా నెలనెలా కట్టాలి, కాబట్టి నీ మిషను పని కాస్త పెరిగాకే తియ్యి.

ప్రోనోటు సంగతి. ఇన్నాళ్లూ కట్టిన వడ్డీకి రాత ఉందా? లేకపోతే ఇకనుంచి ఫోన్లోంచి వేసి, ప్రోనోటు వెనక తేదీ, మొత్తం రాయించి ఆయన సంతకం కూడా తీసుకో. ప్రోనోటుకి గడువు మూడేళ్లు. వెనక జమ రాసి నువ్వు సంతకం పెడితే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు నడుస్తుంది, ఇది తెలిసే పెట్టు. ఖాళీ చెక్కు గానీ ఇచ్చి ఉంటే వెంటనే చెప్పు, ఈ కాగితంలో అది లేదు. చెక్కు బౌన్సయితే నోటీసు అందిన 15 రోజుల్లో కట్టకపోతే కోర్టు కేసు వేయొచ్చు. అరవడం ఎక్కువైతే భయపడి ఇంకోచోట అప్పు తేకు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ విజయనగరం కోర్టు ఆవరణలోనే ఉంది, ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా లాయరుని ఉచితంగా ఇస్తారు, ఫోను 15100. లోక్ అదాలత్‌లో వాయిదాలుగా కట్టేలా రాజీ రాయించుకోవచ్చు. ఫీజు లేదు. కానీ అక్కడ రాసినదానిమీద అప్పీలు ఉండదు, నెలకి 1,500 కట్టగలిగితే 1,500 అనే ఒప్పుకో.

రోజు వడ్డీ వాళ్లు మీ బజారులో తిరుగుతున్నారన్నావు. వాళ్ల లెక్క తేలిగ్గా కనిపిస్తుంది: చేతికి 9,000 ఇచ్చి రోజుకి 100 చొప్పున 100 రోజులు. వడ్డీ వెయ్యే కదా అనిపిస్తుంది. కానీ రోజూ తిరిగి ఇచ్చేస్తుంటావు కాబట్టి సగటున నీ దగ్గర ఉండేది 4,500. దానికి మూడు నెలల పది రోజుల్లో వెయ్యి అంటే నెలకి నూటికి ఆరున్నర పైనే. ఫోన్లో వచ్చే లోను యాప్‌ల జోలికి అసలు వెళ్లకు. కాంటాక్టులు, ఫోటోలు అడిగే యాప్ ఏదైనా తప్పుడుదే, రిజర్వు బ్యాంకు అది ఒప్పుకోదు. ఇప్పటికే ఎక్కడైనా ఇరుక్కుని బెదిరిస్తే సైబర్ నేరాల నంబరు 1930కి చెప్పండి.

కార్డు వాళ్ల మనుషులు గానీ, బండి వాళ్లు గానీ ఉదయం 8కి ముందు, రాత్రి 7 దాటాక ఫోను చెయ్యకూడదు. పక్కింటివాళ్లకీ చుట్టాలకీ చెప్పి పరువు తియ్యకూడదు. అలా చేస్తే తేదీ, సమయం, నంబరు రాసి పెట్టు. ముందు ఆ సంస్థకే రాతలో ఫిర్యాదు ఇవ్వాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతేనో సరిగ్గా లేకపోతేనో ఇలాంటి ఫిర్యాదులు చూసే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు, 14448లో అడిగితే ఎలా వెయ్యాలో తెలుగులో చెబుతారు. డబ్బు ఎప్పుడూ ఏజెంటు చేతికో, అతని ఫోను నంబరుకో వెయ్యకు. సగానికి సెటిల్ చేస్తాం అంటే ముందు కంపెనీ ఉత్తరం తెమ్మను. అలా సెటిల్ చేసుకుంటే మన అప్పుల చరిత్ర రాసే సిబిల్‌లో మూసినట్టు కాక సెటిల్డ్ అని పడుతుంది, తర్వాత ఇంటి లోను అడిగినప్పుడు అది అడ్డొస్తుంది.

బండి అమ్మకం ఆలస్యమైతే వాయిదా తప్పకముందే బ్రాంచికి రాతలో పెట్టండి. తప్పాక వెళ్తే ఎగవేతదారుతో మాట్లాడినట్టు మాట్లాడతారు, ముందే వెళ్తే ఖాతాదారుతో మాట్లాడినట్టు మాట్లాడతారు. 90 రోజులు బాకీ పడితే ఖాతా మొండి బాకీ కింద రాసేస్తారు, అప్పుడు బ్రాంచి చేతిలో పెద్దగా ఏం ఉండదు. ఉత్తరంలో లోను నంబరు, పాత జీతం, కొత్త జీతం, మూడు నెలల జీతం స్లిప్పులు, ఏ తేదీ నుంచి ఎంత కట్టగలరో ఉండాలి. రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. గడువు పెంచితే వాయిదా తగ్గుతుంది కానీ ఊరికే తగ్గదు. లక్ష రూపాయలకి 12 శాతం మీద మూడేళ్లకైతే నెలకి 3,321, అయిదేళ్లకైతే 2,224. నెలకి 1,097 తేలికే, కానీ మొత్తం మీద దాదాపు 13,900 ఎక్కువ కడతారు.

వాయిదా కోతలు పడే ఖాతా వేరుగా ఉంచు. వాయిదాకి రెండు రోజుల ముందు అంత మటుకే అందులో వెయ్యి. ఒకసారి బౌన్సయితే బ్యాంకూ లోను కంపెనీ రెండూ విడివిడిగా జరిమానా వేస్తాయి. మీ ఇద్దరి ఖాతాల్లో మే నెలాఖరుకి చెరో 456 తప్పకుండా ఉండాలి, జీవన్ జ్యోతి బీమా 436, సురక్షా బీమా 20 అప్పుడే కోస్తారు. ఇంత ఇరుకులో అవి పోగొట్టుకోకూడదు.

అల్లుణ్ణి ఇంకో రెండు సంగతులు మిల్లులో కనుక్కోమను. లే-ఆఫ్ (పని లేదని కొన్నాళ్లు కూర్చోబెట్టడం) అని రాతలో ఇచ్చారా, నోటి మాటా? ఏడాది పనిచేసిన పర్మినెంటు కార్మికుడికి లే-ఆఫ్ రోజులకి మూలవేతనం, డీఏలో సగం రావాలి. బదిలీ కార్మికుడిగా, అంటే రాని మనిషి బదులు పనిచేసేవాడిగా, రాసి ఉంటే అది రాదు. రెండోది ఈఎస్‌ఐ. ఆరు నెలల్లో 78 రోజుల చందా పడకపోతే జబ్బు చేసినప్పుడు వచ్చే డబ్బు ఆగిపోతుంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఒకటి, అక్టోబరు నుంచి మార్చి దాకా ఒకటిగా లెక్క. ఎన్ని రోజులు పడ్డాయో ఇప్పుడే చూసుకుంటే, తక్కువైన రోజులకి షిఫ్టులు అడగొచ్చు.

సిరిమాను పండక్కి చుట్టాలు దిగుతారని భయపడుతున్నావు. వస్తారు, మేమూ వస్తాం. బియ్యం, కొబ్బరికాయలు, పప్పు మావే. నువ్వు బట్టలకి అప్పు చెయ్యకు.

ఆదివారం ఉదయం పాసింజరుకి వస్తున్నాను. గొలుసు కొన్న బిల్లు ఉంటే వెతుకు, కార్డు బిల్లులు మూడు నెలలవి, బండి లోను కాగితం, ఆర్‌సీ ఒక సంచిలో పెట్టు. సోమవారం బ్యాంకు తెరవగానే వెళ్దాం. ఆధార్, పాన్ మర్చిపోకు.

మీ అమ్మ