మా అబ్బాయికి వైద్యం చేస్తూ మాకూ దారి చూపినవారికి కృతజ్ఞతలు

మా అబ్బాయికి ఓసీడీ ఉంది. అంటే వద్దన్నా భయపెట్టే ఆలోచనలు రావడం, వాటిని తగ్గించుకోవడానికి చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేయడం. దాని గురించి ఇది రాయనా అని ముందు వాడినే అడిగాను. రాసింది చదివి, రెండు చోట్ల గీత పెట్టి తీసేయమన్నాడు. తీసేశాను. మిగిలినదంతా వాడికి ఇష్టమయ్యే పెడుతున్నాను. మాకు సాయం చేసిన థెరపిస్ట్ తన పేరు వద్దన్నారు కాబట్టి మేడమ్ అనే అంటాను.

వాడికిప్పుడు 17 ఏళ్ళు. 14వ ఏట మొదలైంది. సైకిల్ మీద ఇంటికొచ్చి, చెప్పులైనా విడవకుండా మళ్ళీ వెనక్కి వెళ్ళేవాడు. దారిలో ఎవరినైనా గుద్దేశానేమో, వాళ్ళు పడిపోయి ఉన్నారేమో అని చూసుకోవడానికి. ఎవరూ ఉండరు. ఇంటికొస్తాడు. ఇప్పుడు చూసొచ్చేటప్పుడు ఎవరినైనా గుద్దానేమో అని మళ్ళీ బయల్దేరతాడు. రాత్రి పడుకోబోతూ, "అమ్మా, నా వల్ల ఎవరికీ ఏమీ కాలేదు కదా?" అని అడిగేవాడు. "ఏమీ కాలేదు నాన్నా" అనేదాన్ని. ఐదు నిమిషాలకి మళ్ళీ అదే ప్రశ్న. ఒక్కో రాత్రి 30, 40 సార్లు. నా మాటలో కాస్త విసుగు వినిపించిందా, లెక్క మొదటికొచ్చేది.

మేం దాన్ని చాదస్తం అన్నాం. ఓసీడీ అంటే చేతులు కడుక్కుంటూ ఉండటమే అనుకునేవాళ్ళం, అందుకే ఇదీ అదేనని తట్టలేదు. సాయం కోసం వెళ్తే ఒకచోట పెంపకంలో లోపం అన్నారు. ఆ మాట నేను నెలల తరబడి మోశాను. ఇంకోచోట, ఆ ఆలోచన రాగానే మనసులో "ఆపు" అని గట్టిగా అనుకోమని నేర్పారు. ఆపాలని చూసినకొద్దీ అది ఇంకా గట్టిగా వచ్చేది. అలా ఏడాదిన్నర పోయింది.

ముందుగా మా సైకియాట్రిస్ట్ గారికి నా నమస్కారం. పది ప్రశ్నల కొలతతో అడిగి, 40కి 29 వచ్చిందని, ఇది తీవ్రమైన ఓసీడీ అని స్పష్టంగా చెప్పారు. "వాడు చెడ్డవాడై ఈ ఆలోచనలు రావడంలేదు. ఎవరికీ హాని జరగకూడదని అంతగా తపిస్తున్నాడు కాబట్టే అవి వాడిని పట్టుకున్నాయి" అన్నారు. వాడు తలెత్తి ఆయన వైపు చూశాడు. వాడలా ఒకరి కళ్ళలోకి చూసి ఎన్నాళ్ళయిందో. మందు రాసి, ఓసీడీలో అది పనిచేయడానికి 8 నుంచి 12 వారాలు పట్టవచ్చని, మధ్యలో మాకు మేంగా ఆపేయవద్దని హెచ్చరించారు. ఆ మాట చెప్పి ఉండకపోతే మేం మూడో వారంలోనే ఆపేసేవాళ్ళం.

ఆ తర్వాత మేడమ్ దగ్గరికి పంపారు. ఆవిడ చేసిన థెరపీని ఈఆర్‌పీ అంటారు. భయపెట్టేదానికి మెట్టుమెట్టుగా ఎదురెళ్ళడం, వెళ్ళాక అలవాటైన తంతు చేయకుండా ఆగడం. 1966లో విక్టర్ మేయర్ అనే సైకాలజిస్ట్ ఈ పద్ధతితో ఇద్దరు రోగుల్లో వచ్చిన మార్పును ప్రచురించారట. అంతకుముందు ఈ జబ్బు చాలామందికి తగ్గనిదనే అనుకునేవారట. మేడమ్ మా వాడితోనే భయాల పట్టిక రాయించారు, ఒక్కోటి ఎంత భయపెడుతుందో 0 నుంచి 100 దాకా అంకె వేయించారు. మొదటి మెట్టు చాలా చిన్నది: ఇంటికొచ్చాక వెనక్కి వెళ్ళొచ్చు, కానీ పది నిమిషాలు ఆగి. తర్వాత అరగంట. తర్వాత అసలు వెళ్ళకుండా ఉండటం. చివరికొచ్చేసరికి, "నేనెవరినైనా గుద్ది ఉండొచ్చు, అది నాకెప్పటికీ తెలియకపోవచ్చు" అని రాసి రోజూ పైకి చదవాలి. ఆ వాక్యం వింటే నాకే ఒళ్ళు జలదరించేది. ఏమీ జరగలేదన్న గ్యారంటీ లేకుండా బతకడం వాడికి అలవాటు కావాలన్నది ఆవిడ ఉద్దేశం. ఆ వాక్యం చదివిన మొదటిరోజు వాడు వేసిన అంకె 90. రెండు వారాలకి 40.

నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది మా గురించి. రెండో వారంలో మేడమ్ మా ఇద్దరినీ విడిగా పిలిచి, వాడి భయం కోసం మీరేమేం చేస్తున్నారో వారం రోజులు రాయండి అన్నారు. నాలుగు పేజీలైంది. వాడితో పాటు నేనూ దారి వెతకడానికి వెళ్తున్నాను. ప్రమాదాల వార్తలు వాడి కంట పడకూడదని మావారు పేపర్ మాన్పించారు. టీవీలో వార్తలు పెట్టడం మానేశాం. ఒకరు ఇంట్లో ఉండేలా చూసుకోవడానికి ఇద్దరం కలిసి బయటికి వెళ్ళడమే మానేశాం. దీన్ని ఫ్యామిలీ అకామడేషన్ అంటారని మేడమ్ చెప్పారు. ఇల్లంతా వాడి భయానికి సర్దుకుపోయింది. మా జవాబు వాడికి ఐదు నిమిషాల ఊరట, జబ్బుకి ఇంకో రోజు బలం. ఇదంతా చెబుతూ ఆవిడ ఒక్కసారి కూడా తప్పు మీది అనలేదు. ఓసీడీ ఉన్న ఇళ్ళలో చాలామంది ఇలాగే చేస్తారని, ప్రేమ ఉండబట్టే చేస్తారని అన్నారు. నెలల తరబడి మోసిన ఆ మాట బరువు నాకు ఆరోజు దిగింది.

జవాబు బదులు ఏం అనాలో కూడా నేర్పారు. "నీకు చాలా భయంగా ఉందని నాకు తెలుస్తోంది. దాన్ని నువ్వు తట్టుకోగలవని నా నమ్మకం." అంతే. ఒకేసారి అన్నీ ఆపలేదు, రాత్రి ప్రశ్నతో మొదలుపెట్టాం. ఇలా చేయబోతున్నామని వాడికి ముందే ఉత్తరం రాసి ఇచ్చాం. క్లినిక్‌లో మేడమ్ మా అబ్బాయిలా అడుగుతుంటే మేం ఆ వాక్యం సాధన చేశాం. ఎన్నడూ కంటతడి పెట్టని మావారు అక్కడ ఏడ్చారు.

మొదటి రాత్రి రెండు గంటలు నరకం. అరిచాడు, "నువ్వు అమ్మవేనా" అన్నాడు. నా చేయి మావారి చేతిలో ఉంది. ఏమండీ, ఆ చేయి వదలనందుకు మీకూ థ్యాంక్స్. కుటుంబాల గ్రూప్‌లో ఒక తల్లి, "గొంతు వణికినా పర్లేదు, వాక్యం మారకపోతే చాలు" అని చెప్పారు. ఆ రాత్రి నన్ను కాపాడింది ఆ మాటే. ఆవిడకి నా దండాలు.

మధ్యలో మూడు వారాలు వాడు రానన్నాడు. అంతా అయిపోయిందనుకున్నాను. "మీరిద్దరూ రండి, పని ఆగదు" అన్నారు మేడమ్. యేల్ విశ్వవిద్యాలయంలో ఎలీ లెబోవిట్జ్ తల్లిదండ్రుల కోసమే ఒక పద్ధతి రూపొందించారని అప్పుడే తెలిసింది. ఆందోళన సమస్యలున్న 124 మంది పిల్లలతో చేసిన అధ్యయనం 2020లో వచ్చింది. అందులో తల్లిదండ్రులు మాత్రమే సెషన్లకి వెళ్ళినా, పిల్లలకి నేరుగా సీబీటీ (ఆలోచనల్నీ, ప్రవర్తననీ మార్చుకోవడం నేర్పే థెరపీ) ఇచ్చినప్పటికంటే ఫలితం తగ్గలేదట. మాకు ఓపిక పట్టడానికి ఆ సమాచారం చాలింది. నాలుగో వారం వాడే వచ్చి కార్లో కూర్చున్నాడు.

మొత్తం 18 సెషన్లు. మొదట్లో 29 వచ్చిన కొలతలో ఇప్పుడు 11. పూర్తిగా పోలేదు. పరీక్షలప్పుడు మళ్ళీ పెరిగింది, మళ్ళీ పట్టిక తీశాం. వాడి క్లాస్ టీచర్ కూడా అదే వాక్యం నేర్చుకుని బడిలో అన్నారు, ఆవిడకి ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

ఇంకొకటి చెప్పాలి మేడమ్. మాకు పాప కూడా ఉందని మీకు గుర్తుంది. మేం మూడేళ్ళలో ఎన్నిసార్లు మర్చిపోయామో. మీరు పాప కోసం ఒక సెషన్ పెట్టారు, మమ్మల్ని బయట కూర్చోబెట్టి. తర్వాత పాపని అడిగి, దాని అనుమతితోనే మాకు చెప్పారు. ఒకసారి అన్నయ్య సైకిల్‌కి అడ్డంగా పరుగెత్తి కిందపడ్డానని, అందువల్లే వాడికి ఈ జబ్బు వచ్చిందని అది మూడేళ్ళుగా అనుకుంటోందట. మాకెవరికీ చెప్పలేదు, మేం అడగలేదు. కాదమ్మా అని దానికి అర్థమయ్యేలా మీరే చెప్పారు. ఆ రాత్రి అది అన్నయ్య గదిలో చాప వేసుకుని పడుకుంది. అందుకు మీకెలా థ్యాంక్స్ చెప్పాలో నాకు తెలియక ఇంత రాశాను.