వరద బాధితుల్ని మళ్ళీ నీళ్ళలోకే పంపుతారా?

సంపాదకుడు గారికి,

ఈశాన్య రుతుపవనాలకు చెన్నై సిద్ధంగా ఉందని, బోట్లు, మోటారు పంపులు, సహాయ శిబిరాలు అన్నీ రెడీ చేశామని అధికారులు చెప్పినట్టు పోయిన వారం మీ పత్రికలో చదివాను. అప్పుడే రాద్దామనుకున్నా, ఇవాళ్టికి కుదిరింది. ఇల్లు మునిగి వచ్చినవాళ్ళు ఆ శిబిరాల్లో ఎలా ఉండాలన్న దాని మీద ఆ వార్తలో ఒక్క ముక్క లేదు.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు మా వీధివాళ్ళం అన్నం వండి దగ్గర్లో శిబిరంగా మార్చిన ఓ స్కూలుకు తీసుకెళ్ళాం. తడి నేల మీద పాత ఫ్లెక్సీ బ్యానర్లు పరుచుకుని పిల్లల్ని పడుకోబెట్టారు. అంత జనానికి పనిచేసే మరుగుదొడ్లు రెండే. చీకట్లో అటు వెళ్ళాల్సి వస్తుందని ఆడవాళ్ళు నీళ్ళు తాగడం మానేశారు. షుగరు మాత్రలు నీళ్ళలో కొట్టుకుపోయాయని ఓ పెద్దావిడ అడిగితే పలికే దిక్కు లేదు. పులిహోర పొట్లాలేమో మధ్యాహ్నం గుట్టలుగా వచ్చి సాయంత్రానికి పాచిపోయాయి. రాత్రికి పిల్లలకు పాలు లేవు. ఎవరు ఏ పూట ఏం తేవాలో చెప్పే మనిషే అక్కడ లేడు.

శిబిరం ఎలా ఉండాలో ఎవరూ కొత్తగా కనిపెట్టక్కర్లేదు. విపత్తు సాయంలో ప్రపంచమంతా వాడుతున్న స్ఫియర్ అనే కనీస ప్రమాణాలు ఉన్నాయి: మనిషికి కనీసం 3.5 చదరపు మీటర్ల చోటు, రోజుకు 15 లీటర్ల నీళ్ళు, 20 మందికి ఒక మరుగుదొడ్డి. యుద్ధంతో ఇల్లు విడిచినా వరదతో విడిచినా ఇదే లెక్క. రాజధాని నగరంలో ఇది కూడా చెయ్యలేమా?

శిబిరం నాలుగు రోజుల మాట, ఆ తర్వాతిది ఇంకా అన్యాయం. 2015 వరదల తర్వాత అడయారు నది ఒడ్డున ఉన్న కుటుంబాలను వాళ్ళ మంచికేనంటూ ఖాళీ చేయించి పెరుంబాక్కం తరలించారు. పెరుంబాక్కం ఎక్కడుంది? పళ్ళికరణై చిత్తడి నేలల పక్కన. మిచౌంగ్‌కు అదీ మునిగింది. 2004 సునామీ బాధితులకు ఇళ్ళిచ్చిన సెమ్మంచేరి కూడా గట్టి వానొస్తే మునిగేదే. మా వీధిలో ఇళ్ళలో పనిచేసే తెలుగావిడ ఇప్పుడు పెరుంబాక్కం నుంచి తెల్లవారకముందే బస్సెక్కుతుంది. రెండిళ్ళ పని పోయింది, ఆడపిల్ల చదువు మధ్యలో ఆగింది. నది ఒడ్డున పెద్ద పెద్ద భవనాలు మాత్రం అలాగే ఉన్నాయి. వాటిని ఎవరూ ఆక్రమణ అనరు!

శ్రీలంక నుంచి శరణార్థులుగా వచ్చిన తమిళుల సంగతి చూడండి. 1983లో అక్కడ తమిళుల మీద జరిగిన అల్లర్ల నాటి నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వస్తూనే ఉన్నారు. పుళల్, గుమ్మిడిపూండి శిబిరాల్లో పుట్టినవాళ్ళకే పిల్లలు పుట్టారు. 2021లో వాటిని పునరావాస శిబిరాలని పేరు మార్చి, పాడైన ఇళ్ళ స్థానంలో కొత్తవి కట్టడం మొదలుపెట్టారు. మంచి పని, కాదనను. అయితే ఇక్కడే పుట్టిన చాలామందికి ఇంకా పౌరసత్వం లేదు. తాత్కాలికం అన్న మాట మీద నలభై ఏళ్ళు గడిపేశాం.

మన శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చి బిల్డింగు పనుల దగ్గర రేకుల షెడ్లలో ఉండేవాళ్ళు అసలు ఎవరి లెక్కలోనూ ఉండరు. మిచౌంగ్ సాయం 6,000 రూపాయలు ప్రధానంగా రేషను కార్డుల మీదే పంచారు. వీళ్ళ కార్డులేమో సొంతూళ్ళలో ఉంటాయి. ఎన్నికలప్పుడు మాత్రం వెతుక్కుంటూ వెళ్ళి బస్సులు పెట్టి తీసుకెళ్ళే నాయకులకు, వాన రోజున ఈ షెడ్ల దారి తెలియదా?

వానలు ముదరక ముందే ప్రతి వార్డులో శిబిరం ఎక్కడో, అక్కడ బాధ్యుడెవరో, ఫోను నంబరేమిటో తమిళంతో పాటు తెలుగు, హిందీల్లో కూడా గోడల మీద రాయించాలి. మరుగుదొడ్లు, మందులు, పాలు, శానిటరీ ప్యాడ్ల ఏర్పాటు ఇప్పుడే చూడాలి. నది ఒడ్డు ఇళ్ళు ఖాళీ చేయించక తప్పకపోతే ఆ కుటుంబాలను అడిగి, పిల్లల పరీక్షలు అయ్యాక, పనికి వెళ్ళి రాగలిగే దూరంలో, మునగని నేల మీద ఇల్లు చూపించి ఆ తర్వాతే కదిలించాలి. ఈసారి వానల ఏర్పాట్ల మీద అధికారుల సమావేశం జరిగినప్పుడు మీ విలేఖరి వీటి మీద అధికారులను అడిగి, వాళ్ళు చెప్పిన జవాబు అచ్చు వేయాలని కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, సైదాపేట, చెన్నై